బెలూన్ గ్యాస్ పీలిస్తే ఆ నూనె, మెటల్ పొడి ఊపిరితిత్తుల్లకు పోతదా? రూమ్మేట్ గురించి అడుగుతున్న

కరీంనగర్_టు_కోవెంట్రీ:

అందరికి నమస్తే. నేను యూకేల, కోవెంట్రీల మాస్టర్స్ చేస్తున్న, ఇంట్ల ఉండేది మొత్తం మనోళ్ళమే. అందులో ఒకడు నాకు ఇంటర్ నుంచి దోస్తు. వాడు పోయినేడాది సమ్మర్‌ల ఎవరో పార్టీకి పిలిస్తే పోయి బెలూన్లు అలవాటు చేసుకున్నడు. తెల్వనోళ్ళకు చెప్తున్న, కేకుల మీద క్రీమ్ కొట్టేటందుకు వాడే నైట్రస్ ఆక్సైడ్ గ్యాస్‌ను బెలూన్‌ల నింపి పీలుస్తరు, ఒక నిమిషం మత్తుగ ఉంటది, దిగిపోతది, మళ్ళ ఇంకోటి. మొదట్ల వీకెండ్‌కు ఆ గ్యాస్ ఉండే వేలెడంత స్టీల్ డబ్బాలు, చార్జర్లు అంటరు, అవి తెచ్చుకునేటోడు, ఇప్పుడు పెద్ద సిలిండరే బెడ్డు కింద పెట్టుకున్నడు, అసైన్‌మెంట్ రాసుకుంట కూడ పీలుస్తున్నడు.

మొన్న రూమ్ ఊడుస్తుంటే ఆ చార్జర్‌ను పొడిచే క్రాకర్ దొరికింది. మూత తిప్పి టిష్యూతోని తుడిస్తే నల్లగ గ్రీజు అంటింది, అండ్ల సన్నగ మెరిసే పొడి. పాత బెలూన్ ఒకటి చింపి చూసిన, లోపలంత జిడ్డు, మిషన్ ఆయిల్ వాసన. నాకైతే భయమైంది. వాన్ని అడిగితే అదంత చిన్న వాటితోనే, పెద్ద సిలిండర్ ఫుడ్ గ్రేడ్, మస్తు క్లీన్, పైంగ నేను కర్చీఫ్ అడ్డం పెట్టి నింపుత అంటున్నడు.

నా డౌట్ ఏందంటే ఆ నూనె, ఆ పొడి ఊపిరితిత్తులల్ల పేరుకపోతదా, ముందు ముందు క్యాన్సర్ లాంటిది ఏమన్న వస్తదా, కర్చీఫ్ పెడితే ఆగుతదా. ఎవరికన్న కరెక్టుగ తెలిస్తే చెప్పండి, వాళ్ళ అమ్మ నాకు ఫోన్ చేసి మావోడు ఎట్లున్నడు బిడ్డా అని అడుగుతది, ఏం చెప్పాల్నో తెలుస్తలేదు.

ఇంకో మాట, వారం పది రోజుల సంది పాదాలు తిమ్మిర్లు అంటున్నడు, నడుస్తుంటే కాలికి చెప్పు ఊడిపోయింది కూడ తెలుస్తలేదంట. వేర్‌హౌస్‌ల నైట్ షిఫ్టులు నిలబడి చేస్తడు కద, దాంతోని అట్లుందేమో అనుకుంటున్నం. వాడు ప్యూర్ వెజ్, గుడ్డు గూడ ముట్టడు, సరిగ తినడు కూడ.

ప్రెస్‌షాప్_బాలానగర్:

బ్రదర్, ఆ నూనె ఎక్కడిదో నేను చెప్పగలను. హైదరాబాద్ బాలానగర్‌లో డీప్ డ్రాయింగ్ చేసే షాపులో చాలా ఏళ్ళు పనిచేశాను. ఆ చార్జర్ లాంటి డబ్బా చేయాలంటే స్టీల్ రేకుని ప్రెస్సులో పెట్టి దెబ్బ మీద దెబ్బ కొట్టి లోతుగా సాగదీస్తారు, తర్వాత మెడ సన్నగా నొక్కుతారు. ఇదంతా డ్రాయింగ్ ఆయిల్ లేకుండా జరగదు, లేకపోతే రేకు చిరిగిపోతుంది, డై పాడైపోతుంది. తర్వాత కడుగుతారు అనుకో, కానీ మెడ అంత సన్నగా ఉన్న దాని లోపలికి వాషింగ్ ఎంతవరకు వెళ్తుంది అనేది కంపెనీని బట్టి ఉంటుంది, చవక సరుకులో అడుగున ఆయిల్ మిగిలిపోతుంది. అందులో గ్యాస్ ద్రవంగా ఉంటుంది, మామూలు వేడిలోనే యాభై బార్ దాకా ప్రెజర్. పిన్ను గుచ్చగానే అంత ప్రెజర్ ఒక్కసారి బయటికి తన్నుకొస్తుంది కదా, ఆ అడుగున ఉన్న ఆయిల్‌ని పొగమంచులా చేసి మోసుకొస్తుంది. మెరిసే పొడి ఏమో, సీలు తెగినప్పుడు రాలే స్టీల్, దానికి తోడు క్రాకర్ మర అరిగిన రజను. ఇత్తడి, అల్యూమినియం మరలు బాగా అరుగుతాయి, నీకు నల్లగా అంటింది ఎక్కువ అదే.

వంటలో వాడినప్పుడు ఇది క్రీములో కలిసి కడుపులోకి పోతుంది, కడుపు తట్టుకుంటుంది. ఫుడ్ గ్రేడ్ అనే మాటకి అర్థం తినేదానికి పనికొస్తుందని, పీల్చడానికి అని కాదు. హాస్పిటల్‌లో ఇచ్చే గ్యాస్ వేరే లెక్క, అక్కడ సిలిండర్ శుభ్రత, వాల్వు, ఫిల్టరు అన్నిటికీ రూల్స్ ఉంటాయి, పైగా ఆక్సిజన్ కలిపి ఇస్తారు, కాన్పు నొప్పులకి ఇచ్చేది సగానికి సగం ఆక్సిజనే. కర్చీఫ్ పెద్ద చుక్కల్ని ఆపుతుందేమో గానీ ఆ మంచు లాంటి ఆయిల్‌ని ఏం ఆపదు. పెద్ద సిలిండర్ కూడా అలాంటి స్టీలే, అలాంటి నూనెలే, స్ట్రాబెర్రీ, పుచ్చకాయ ఫ్లేవర్లవి అయితే ఆ రుచి కోసం కలిపిన కెమికల్ కూడా ఊపిరితిత్తుల్లోకే పోతుంది.

ఇంకోటి, కార్ల రేసింగ్‌కి అమ్మే నైట్రస్ అని ఉంటుంది, జనం పీల్చకూడదనే అందులో సల్ఫర్ డయాక్సైడ్ కలుపుతారు, అది మీ వాడి చేతికి రాకుండా చూడు.

ఎసెక్స్_బావ:

మరీ భయపెట్టేస్తున్నారు. ఇక్కడ మా బ్యాచ్‌లో చాలామంది చేశారు, ఎవరికీ ఏం కాలేదు. తిమ్మిర్లు వస్తే బి12 టాబ్లెట్లు వేసుకుంటే సరిపోతుంది, సూపర్ మార్కెట్లో దొరుకుతాయి. ఆయిల్ గోల లేకుండా మంచి బ్రాండ్ కొనుక్కోమను.

ఫిజియో_అక్క_లెస్టర్:

తమ్ముడూ, నువ్వు చివర్లో ఇంకో మాట అని రాశావే, నాకు నీ పోస్టులో అన్నిటికంటే భయం వేసింది ఆ ముక్కకే. నేను లెస్టర్‌లో ఫిజియోథెరపిస్టుని, నరాల పేషెంట్లతో పని. నూనె సంగతి ప్రెస్‌షాప్ గారు బాగా చెప్పారు, ఊపిరితిత్తుల్లోకి నూనె పోతే శరీరం తేలిగ్గా బయటికి పంపలేదు, దగ్గు రావచ్చు, మంట పుట్టొచ్చు, మంచిది కాదనడంలో సందేహం లేదు. కానీ చుక్క నూనె లేని, మెటల్ రజను లేని స్వచ్ఛమైన గ్యాస్ పీల్చినా మీ ఫ్రెండ్ కాళ్ళకి ఇదే జరుగుతుంది, ఎందుకంటే చెడగొట్టేది ఆ గ్యాసే. అందుకే మంచి బ్రాండ్ కొనుక్కోమను అన్న సలహా చూసి ఊరుకోలేకపోయాను.

విషయం ఇది. బి12 విటమిన్ మధ్యలో కోబాల్ట్ ఉంటుంది. నైట్రస్ ఆక్సైడ్ ఆ కోబాల్ట్‌ని ఆక్సిడైజ్ చేసేస్తుంది, ఆ బి12 ఒంట్లో ఉన్నా ఇక పనిచేయదు. బి12 పనిచేయకపోతే నరాల మీద ఉండే మైలిన్ పూత నిలవదు, కరెంటు వైరు మీద తొడుగు ఊడిపోయినట్టు అవుతుంది. ముందు దెబ్బతినేది వెన్నుపాములో వెనక భాగం, మన పాదం ఎక్కడుంది, నేల మెత్తగా ఉందా గట్టిగా ఉందా అనే కబురు మెదడుకి మోసుకెళ్ళే దారి అదే. అందుకే చెప్పు ఊడినా తెలియడం లేదు. షిఫ్టులో నిలబడితే కాళ్ళు లాగుతాయి, పీకుతాయి, చెప్పు ఊడితే తెలియకపోవడం ఉండదు.

మామూలుగా మాంసం, చేపలు తినేవాళ్ళకి లివర్లో బి12 ఏళ్ళ తరబడి నిల్వ ఉంటుంది. మన శాకాహారుల ఇళ్ళల్లో పాలు పెరుగుల నుంచి వచ్చేదే ఆధారం, ఇక్కడికి వచ్చాక అవీ సరిగ్గా తీసుకోరు, మ్యాగీ, బ్రెడ్డు, రాత్రి మిగిలిన అన్నం. ఉన్న కాస్తనీ ఈ గ్యాస్ ఊడ్చేస్తుంది. అందరికీ ఏం కాలేదు గదా అని లెక్క వేయొద్దు, పెట్టుబడే లేనివాడికి నష్టం ముందు వస్తుంది.

ఒక పని చేయి, ఈ రోజే. అతన్ని కూర్చోబెట్టి గడ్డం గుండెకి ఆనేలా మెడ వంచమను, వీపు మీదుగా కరెంటు షాక్ కొట్టినట్టు కిందికి జారుతుందా అడుగు. తర్వాత పాదాలు దగ్గర పెట్టి నిలబడమని కళ్ళు మూసుకోమను, నువ్వు పక్కనే ఉండు, తూలితే పట్టుకోవాలి. స్నానం చేస్తూ ముఖానికి సబ్బు పెట్టుకుని కళ్ళు మూసినప్పుడు పడబోయాడా, చీకట్లో మెట్లు దిగడానికి ఇబ్బంది పడుతున్నాడా, ఒంటేలు పోయడంలో తేడా ఉందా, ఇవి కూడా అడుగు. తేడా కనిపించకపోయినా హాస్పిటల్‌కి వెళ్ళాల్సిందే, తిమ్మిర్లే చాలు.

ఎసెక్స్ బావ గారూ, టాబ్లెట్ల గురించి. గ్యాస్ పీలుస్తూ టాబ్లెట్ వేసుకుంటే వేసుకున్నది వేసుకున్నట్టే పాడైపోతుంది. దానికంటే ప్రమాదం ఏంటంటే, టాబ్లెట్ వేసుకుని రక్తం ఇస్తే బి12 నార్మల్ అని వస్తుంది, డాక్టర్ కూడా ఏం లేదని పంపించేయొచ్చు. ఒట్టి ఫోలిక్ యాసిడ్ మాత్రలు అయితే అసలు మొదలుపెట్టొద్దు, బి12 లేకుండా అవి ఇస్తే నరాలు ఇంకా దెబ్బతినే అవకాశం ఉంది.

పెద్ద సిలిండర్ గురించి కూడా ఒక మాట. చార్జర్‌లో ఎనిమిది గ్రాములు, అయిపోతే ఇంకోటి పొడవాలి, కాస్త ఆగుతారు. పెద్దది ఆరువందల గ్రాములు దాటి ఉంటుంది, అడ్డూ ఆపూ ఉండదు. పైగా ఆ గ్యాస్ మరిగేది మైనస్ 88 డిగ్రీల దగ్గర, నాజిల్ దగ్గర మూతి పెట్టి పెదాలు, నాలుక గడ్డకట్టి కాలినవాళ్ళు ఉన్నారు, గొంతు వాచి ఊపిరి ఆడకపోతే చేసేదేం ఉండదు. సిలిండర్‌ని తొడల మధ్య పట్టుకుని చర్మం పోగొట్టుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. తలుపు వేసుకుని ఒంటరిగా మాత్రం ఉండనివ్వొద్దు, ఆక్సిజన్ అందక కళ్ళు తిరిగి పడితే లేపేవాళ్ళు ఉండాలి.

కరీంనగర్_టు_కోవెంట్రీ:

అక్కా మీరు చెప్పినట్టే చేసిన. మెడ వంచితే షాక్ లెక్క నడుం దాక పోతుందంట, చాన రోజుల నుంచి ఉందంట, ఎవరికి చెప్పలే. కళ్ళు మూస్తే పక్కకు ఒరిగిండు, నేను పట్టుకున్న. వాడు గూడ భయపడ్డడు. కాని హాస్పిటల్ అంటే వద్దంటున్నడు, ఇది ఇక్కడ నేరం కద, వీసా పోతది, ఇంట్ల అప్పు తెచ్చి పంపిండ్రు అంటున్నడు. బిల్లు ఎంతైతదో అని ఇంకో భయం.

స్లౌ_లాయరమ్మ:

బాబూ, ఆ భయంతో కాళ్ళు పోగొట్టుకోవద్దు. చట్టం మారిన మాట నిజమే, 2023 నవంబర్ 8 నుంచి ఇక్కడ నైట్రస్ ఆక్సైడ్ క్లాస్ సి డ్రగ్, పీల్చడం కోసం దగ్గర పెట్టుకుంటే రెండేళ్ళ దాకా, పీల్చేవాళ్ళకి అమ్మినా ఇచ్చినా పద్నాలుగేళ్ళ దాకా శిక్ష వేయొచ్చు. నెదర్లాండ్స్‌లో కూడా 2023 జనవరి నుంచి నిషేధం. కాబట్టి ఆ సిలిండర్ ఇంట్లో ఉండటం మాత్రం నిజంగా రిస్కే, నువ్వు ఎవరి కోసమూ తెచ్చిపెట్టడం, డబ్బులు కట్టడం, ఇంకో ఫ్రెండ్‌కి పంచడం చేయకు. కానీ జబ్బు చేసి డాక్టర్ దగ్గరికి వెళ్ళి ఏం పీల్చానో చెప్పడం వేరే సంగతి. పేషెంట్ చెప్పింది గుట్టుగా ఉంచడం వాళ్ళ బాధ్యత, గ్యాస్ పీల్చాడని పోలీసులకో హోమ్ ఆఫీసుకో ఫోన్ చేయడం వాళ్ళ పని కాదు. డబ్బుల సంగతి, స్టూడెంట్ వీసాకి అప్లై చేసినప్పుడే హెల్త్ సర్‌చార్జ్ కట్టి ఉంటారు, ఇప్పుడు ఏడాదికి 776 పౌండ్లు, ఆ కట్టినదానికే ఈ వైద్యం. ఎమర్జెన్సీకి వెళ్తే బిల్లు చేతిలో పెట్టరు.

ఫిజియో_అక్క_లెస్టర్:

మెడ వంచితే షాక్, కళ్ళు మూస్తే తూలడం, ఈ రెండూ ఉన్నాయంటే జీపీ, అంటే ఫ్యామిలీ డాక్టర్, అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు, ఈ రాత్రికే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళు. బస్సులో వద్దు, క్యాబ్ పెట్టుకోండి, అతనికి మెట్లు ఎక్కి దిగడం కష్టం. రిసెప్షన్‌లో కాళ్ళ తిమ్మిర్లు అని చెప్పి ఊరుకుంటే గంటలు గంటలు కూర్చోబెడతారు, నైట్రస్ ఆక్సైడ్ పీలుస్తాడు, నడక తూలుతోంది, వెన్నుపాము దెబ్బతిందేమో అని అనుమానం అని సూటిగా చెప్పు. ఎంతకాలంగా, వారానికి ఎన్ని, చివరిసారి ఎప్పుడు, ఇది అతనే నిజం చెప్పాలి, తగ్గించి చెబితే డాక్టర్ తప్పుదారి పడతాడు. శాకాహారి అని కూడా చెప్పండి.

వాళ్ళు రక్తంలో బి12తో పాటు హోమోసిస్టీన్, మిథైల్‌మలోనిక్ యాసిడ్ చూడాలి, బి12 ఉన్నా పనిచేయడం లేదనే సంగతి బయటపడేది వాటిలోనే. మెడ దగ్గర వెన్నుపాముకి ఎంఆర్‌ఐ కూడా తీస్తారు, ఒక్కోసారి స్కాన్ బాగానే కనిపించినా జబ్బు ఉంటుంది. రిజల్ట్స్ వచ్చేదాకా ఆగకుండా హైడ్రాక్సోకోబాలమిన్ ఇంజెక్షన్ మొదలుపెట్టాలి, ఇక్కడ ఎక్కువగా రోజు మార్చి రోజు కండరంలోకి ఇస్తారు. హోమోసిస్టీన్ పెరిగితే రక్తం గడ్డలు కట్టే ప్రమాదం కూడా ఉంది కాబట్టి ఒక పిక్క వాచినా, ఛాతీలో నొప్పి వచ్చినా అది కూడా చెప్పండి.

గ్యాస్ పూర్తిగా ఆపేసి వెంటనే ఇంజెక్షన్ పడితే చాలామంది వారాల్లో, నెలల్లో బాగా కోలుకుంటారు, ఆలస్యం చేసినవాళ్ళకి మాత్రం కర్ర పట్టుకుని నడవాల్సిన పరిస్థితి మిగిలిపోవచ్చు, నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఇరవై ఏళ్ళవాళ్ళు ఉన్నారు. వేర్‌హౌస్‌కి ఇప్పుడే మెసేజ్ పెట్టి షిఫ్ట్ మానేయమను, ఆ తూలుడుతో ట్రాలీల మధ్య తిరగకూడదు. ఇంకోటి, హోమోసిస్టీన్ శాంపిల్ తీసిన వెంటనే ఐస్‌లో పెట్టి ల్యాబ్‌కి పంపాలి, లేట్ అయితే రీడింగ్ తప్పు వస్తుంది, అందుకే ఆ రక్తం హాస్పిటల్‌లోనే, మొదటి ఇంజెక్షన్ పడకముందే తీశారా అని నర్సుని నువ్వే అడుగు.