సీసా మీద పేరు ఉండాలా, దాచాలా?

గంటస్తంభం, విజయనగరం (ఆదివారం రాత్రి 9:10)
ఈ రోజు మధ్యాహ్నం మా మేడ మీదకు వచ్చిన అందరికీ నమస్కారం. రాలేకపోయిన వాళ్ల కోసం సంగతి క్లుప్తంగా చెబుతాను. తొమ్మిది మందిమి ఇంట్లో పులియబెట్టిన సీసాలు తెచ్చుకున్నాం. అల్లం బీరు ఆరు, కంబూచా (పులియబెట్టిన టీ) రెండు, శ్రీకాకుళం నుంచి చోడి (రాగి) బీరు ఒకటి. తలా ఒక చిన్న గ్లాసు రుచి చూసి, మిగతా సీసాలు మార్చుకుని ఇళ్లకు వెళ్లాం.

నా బాధ ఒకటే. ఆరు అల్లం బీర్లనూ అందరూ "బాగుంది" అన్నారు. ఆరూ బాగోలేదు. ఒకదాంట్లో గ్యాసే లేదు, ఉత్త పానకం. ఇంకోదాంట్లో అల్లం కన్నా నిమ్మకాయ ఎక్కువైంది. నేను చేసినదానికి నాకే ఘాటు చాలలేదు. చేసిన మనిషి ఎదురుగా కూర్చుని మన మొహం చూస్తూ ఉంటే ఎవరు నిజం చెబుతారు? అందుకని వచ్చే నెల నుంచి సీసాలకు కాగితం చుట్టి నంబర్లు వేద్దాం. ఎవరిదో తెలియకుండా తాగి మార్కులు రాద్దాం. అమెరికాలో హోమ్‌బ్రూ (ఇంట్లో కాచిన బీరు) పోటీలకు వాడే బీజేసీపీ మార్కుల కాగితం నా దగ్గర ఉంది. మొత్తం 50. వాసనకు 12, చూడటానికి ఎలా ఉందో దానికి 3, రుచికి 20, నోట్లో తగిలే తీరుకు 5, మొత్తం మీద అభిప్రాయానికి 10. ఈసారి నా మటుకు నేను ఆ లెక్కనే రాసుకున్నాను.

అరసవల్లి_రోడ్ (9:22)
మంచి మాట మాస్టారూ. నా ఓటు కాగితానికే.

మూడులాంతర్లు (9:31)
పేరు దాచినా దాచకపోయినా ఒకటే. అసలు లోపం చల్లదనంలో ఉంది. గ్యాసు చల్లటి నీళ్లలో నిలుస్తుంది, వేడి నీళ్లలోంచి లేచిపోతుంది. మూడు సీసాలు చేతికి గోరువెచ్చగా తగిలాయి. మూత తియ్యగానే నురగంతా పొంగి పోయింది, గ్లాసులోకి వచ్చేసరికి చప్పబడింది. కనీసం ఒక రోజు ఫ్రిజ్‌లో పెట్టని సీసాను రుచికి పెట్టకూడదని ముందు నియమం చెయ్యండి.

రాజాం_బస్టాండ్ (9:40)
ఎవరు ఏం రాసినా ఒక సంగతి మాత్రం మర్చిపోవద్దు. మన దగ్గర 1968 ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఇంట్లో మద్యం తయారు చెయ్యడం నేరం. అల్లం బీరైనా రోజుల తరబడి బయట ఉంచితే మత్తు పెరుగుతుంది. రెండు రోజులకు ఫ్రిజ్‌లో పెట్టెయ్యండి.

నాగావళి_ఒడ్డు, శ్రీకాకుళం (10:05)
మాస్టారూ, మార్కులు రాసుకున్నానన్నారు కదా. నా చోడి బీరుకు ఎంత వేశారు?

గంటస్తంభం (10:11)
ఇక్కడ వద్దమ్మా. అడిగావు కాబట్టి విడిగా రాసి పంపుతాను.

నాగావళి_ఒడ్డు (10:13)
విడిగా ఎందుకు? నిజం అందరి ముందే చెప్పాలని రాసింది మీరే.

గంటస్తంభం (10:20)
సరే. 50కి 16. పులుపు బాగా ఎక్కువ. వాసన పులిసిన పిండిలా ఉంది. రంగు మడ్డి. కావాలని తక్కువ వెయ్యలేదు, కాగితం మీద ఉన్న ప్రకారం వేశాను.

నాగావళి_ఒడ్డు (10:48)
16 అన్నారు, మంచిది. నేను ఏం చేశానో కూడా రాస్తాను, చదివేవాళ్లు తేల్చుకోండి.

చోళ్లు ఒక రాత్రంతా నానబెట్టాను. తడిగుడ్డలో కట్టి రెండు రోజులు మొలక రానిచ్చాను. నీడలో ఆరబెట్టి, మొలకలు నలిచి తీసేసి, పిండి పట్టాను. ఆ పిండిని నీళ్లలో కలిపి, వేలు పెడితే చురుక్కుమనే వేడిలో గంటసేపు ఉంచాను. అప్పుడు దానంతట అదే తీపెక్కుతుంది, అందులో నేను పంచదార వెయ్యలేదు. తర్వాత కాచి, చల్లార్చి, ముందు రోజు అంబలి మీద తేరిన తేట ఒక గిన్నెడు పోసి, ఒక రోజున్నర మూత పెట్టి ఉంచాను. పలుచటి గుడ్డలో వడకట్టి సీసాలో పోసి, కొంచెం బెల్లం వేశాను. తెల్లారి ఐదింటికి లేచి, తడి తువ్వాలు చుట్టి బస్సులో తెచ్చాను. ఇంత చేస్తే, తెచ్చిన తొమ్మిదింటిలో ఒకే ఒక్క సీసాను ఒకాయన నోట్లో పోసుకుని, మెట్ల దగ్గర కుళాయి కాడికి వెళ్లి ఉమ్మేశాడు. నేను చూశాను. అప్పుడు పేరు కనబడుతూనే ఉంది. మొహమాటం ఏమీ అడ్డు రాలేదే?

మూడులాంతర్లు (10:55)
తడి తువ్వాలు చాలదు. బస్సులో రెండు గంటలు కుదిపితే అడుగున ఉన్న మడ్డి అంతా పైకి కలిసిపోతుంది. థర్మోకోల్ పెట్టెలో ఐసు వేసుకుని తేవాలి. అప్పుడు ఆ పులుపు అంత తెలిసేది కాదు.

నాగావళి_ఒడ్డు (10:58)
పులుపు తెలియాలనే చేశానండీ.

బొబ్బిలి_డల్లాస్ (సోమవారం ఉదయం 6:30)
ఇక్కడ పదకొండేళ్లుగా ఇంట్లో బీరు కాస్తున్నాను, అందుకని నాలుగు మాటలు. 1978లో అప్పటి అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన చట్టంతో అమెరికాలో ఇంట్లో బీరు కాచుకోవడానికి పన్ను లేకుండా అనుమతి వచ్చింది. ఒకరికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లుంటే 200. అమ్మకూడదు. అందుకే ఇక్కడ క్లబ్బుల్లో సీసాల మార్పిడి ఎక్కువ.

మాస్టారూ, మీరు చెప్పిన మార్కుల కాగితం సరైనదే. కానీ అది పోటీలకు. మా క్లబ్బులో పోటీ వేరు, మార్పిడి వేరు. పోటీలో సీసాలు వంటింట్లో వేరే మనిషి వంచి తెస్తాడు, నంబరు తప్ప ఏమీ తెలియదు. మార్పిడిలో మాత్రం చేసినవాడు పక్కనే ఉండాలి, ఏం చేశాడో చెప్పాలి, మనం అడగాలి. అక్కడ మార్కులు ఉండవు.

ఇంకో సంగతి. ఆ కాగితంతో మార్కులు వేసేది ఏ రకం బీరు అని ముందే తెలుసుకుని. జర్మనీలో బెర్లినర్ వైస్ అని ఒకటుంది, బెల్జియంలో లాంబిక్ ఉంది. రెండూ పుల్లనివే. వాటిల్లో పులుపు లేకపోతే మార్కులు పోతాయి. నేపాల్, సిక్కిం వైపు మన చోళ్లతోనే తోంబా చేస్తారు, వెదురు గొట్టంతో పీల్చుకుని తాగుతారు. అక్కగారి సీసాను మీరు ఏ రకం కింద లెక్క కట్టారు?

గంటస్తంభం (7:45)
రకం చూడలేదు బాబూ. సీసా మీద బీరు అని ఉంది, బీరు కింద వేశాను.

అయినా విషయం పక్కకు పోతోంది. నేను అడిగింది పేరు దాచాలా వద్దా అని. చోడి సంగతి కాదు.

నాగావళి_ఒడ్డు (8:02)
నాకు అదే సంగతి. తొమ్మిది మందిలో ఎనిమిది మంది పంచదార, అల్లం, టీ. ఆ నోటితో కొలిచి నాకు 16 వేశారు. కాగితం చుడితే ఇంకా సులువు, ఎవరిని అన్నామో కూడా తెలియదు. చిన్నప్పుడు స్కూలుకు క్యారేజీలో అంబలి తీసుకెళితే పక్క బెంచీ వాళ్లు ముక్కు మూసుకునేవారు. పొలం పనికి పోయేవాళ్ల తిండి అనేవారు. రెండో తరగతిలోనే అన్నం తప్ప తీసుకెళ్లనని ఏడ్చాను, మా అమ్మ అప్పు చేసి బియ్యం తెచ్చింది. ఇప్పుడు అవే చోళ్లు షాపులో రాగి మాల్టు అని అందమైన డబ్బాలో అమ్ముతుంటే అందరూ కొంటున్నారు. ఆదివారం ఆ కుళాయి దగ్గర శబ్దం వినగానే నాకు ఆ బెంచీ గుర్తొచ్చింది. ఇది మీకు చిన్న విషయం కావచ్చు.

అరసవల్లి_రోడ్ (8:15)
అక్కా, నాకు నచ్చింది. రెండోసారి అడిగి పోయించుకున్నాను, మీకు గుర్తుందా?

చంపావతి_గట్టు (8:40)
ఉమ్మేసింది నేనే. దాచుకోను. అక్కా, అవమానించాలని కాదు. సీసా మీద చోడి బీరు అని చూశాను. బీరు అనగానే చేదు వస్తుందనుకుని పెద్ద గుక్క తీసుకున్నాను. నోట్లోకి ఒక్కసారిగా పులుపు వచ్చేసరికి చెడిపోయిందేమో, కడుపు పాడవుతుందేమో అని భయం వేసింది. పోయిన వేసవిలో ఒక పెళ్లిలో పులిసిన మజ్జిగ తాగి మూడు రోజులు ఆస్పత్రిలో ఉన్నాను, ఆ భయం ఇంకా పోలేదు. ముందు మిమ్మల్ని అడగాల్సింది. తప్పు నాది.

గంటస్తంభం (9:30)
ఇప్పుడు నేనూ చెప్పాలి. లేకపోతే నన్ను మొండివాడనే అనుకుంటారు.

ఈ మార్పిడి మొదలుపెట్టిన మొదటి రెండేళ్లూ నా అల్లం బీరుకు ఒక వాసన ఉండేది. ఆస్పత్రి వాసన, గాయానికి వేసే పట్టీ వాసన. నాకు తెలియలేదు, రోజూ అదే పీలుస్తున్నాను కాబట్టి ముక్కు అలవాటు పడిపోయింది. సీసాలను బ్లీచింగ్ పౌడరు నీళ్లతో కడిగి, సరిగ్గా జాడించకుండా వాడేవాణ్ని. ఆ క్లోరిన్ మిగిలి, లోపల పులిసేటప్పుడు ఆ వాసన పుట్టేది. అల్లం పొట్టులోనూ కుళాయి నీళ్లలోనూ వెతికాను గానీ సీసా కడగడం దగ్గర వెతకలేదు. రెండేళ్లు ప్రతివాళ్లూ "బాగుంది మాస్టారూ" అన్నారు.

ఒక మిత్రుడి ఇంట్లో పెళ్లికి వెళ్లాను. కుర్చీలు తెద్దామని మెట్ల కింద గదిలోకి వెళితే అక్కడ నా సీసాలు పదకొండు ఉన్నాయి. నా చేతిరాతతో తేదీలు వేసిన చీటీలు. ఒక్క మూతా తియ్యలేదు. దుమ్ము పట్టి ఉన్నాయి. రెండు గ్యాసు ఎక్కువై పగిలి, గాజు ముక్కలు అక్కడే పడి ఉన్నాయి. చిన్న పిల్లలు తిరిగే ఇల్లు అది. నేను ఆయన్ను ఏమీ అడగలేదు. నా మొహం చూసి నొచ్చుకుంటానని ఆయన చెప్పలేదు, ఆ పిల్లల కాళ్లకు ఏమైనా అయ్యుంటే ఎవరిది పాపం? అందుకే నాకు పేరు మీద కోపం. పేరు చూసి మనిషి అబద్ధం చెబుతాడు.

మూడులాంతర్లు (9:41)
పగిలింది కూడా ఫ్రిజ్‌లో పెట్టక. బయట ఉంటే ఈస్టు పంచదార తింటూనే ఉంటుంది. అందుకే ప్రతి పోతలోనూ ఒక ప్లాస్టిక్ సీసా నింపి ఉంచుకోవాలని ఎప్పటి నుంచో చెబుతున్నాను. అది నొక్కితే రాయిలా గట్టిపడిందంటే మిగతా గాజు సీసాలన్నీ వెంటనే లోపల పెట్టాలి.

బొబ్బిలి_డల్లాస్ (9:50)
ఇది మూడులాంతర్లు అన్న సరిగ్గా చెప్పారు. అందరూ చెయ్యండి. ఎంత గట్టి సీసా అయినా సరే.

నాగావళి_ఒడ్డు (10:20)
మాస్టారూ, ఆ పదకొండు సీసాల మాట ఇన్నాళ్లూ మాకెవరికీ చెప్పలేదు.

నేనూ ఒకటి చెబుతాను. తమ్ముడు చంపావతి చెప్పింది నిజం. దాని మీద బీరు అని రాసింది నేనే. మా అమ్మ దాన్ని పులిసిన తేట అంటుంది, ఎండాకాలం మా ఊళ్లో నాట్లకు పోయేవాళ్లు చెంబుతో తీసుకెళ్లేది. మీ అందరి అల్లం బీర్ల పక్కన పులిసిన తేట అని రాసి పెట్టడానికి నాకు మనసు రాలేదు. తక్కువగా చూస్తారనిపించింది. బీరు అని రాశాను, బీరు కింద తాగారు, బీరు కింద మార్కులు పడ్డాయి. కాగితం మీద నాకు కోపం వచ్చిందే గానీ, ఆ పేరు పెట్టింది నేను.

అయినా 50కి 16 నేను ఒప్పుకోను. మా అమ్మ చేసిన తేట తాగి పెరిగిన మనిషి ఒక్కరైనా అక్కడ కూర్చుని ఉంటే ఆ పులుపు సరిపోయిందో లేదో చెప్పేవారు.

అరసవల్లి_రోడ్ (10:26)
ఈసారి మా నాన్నగారిని తీసుకొస్తాను. ఆయన అంబలి తాగనిదే పొలం గట్టు దిగరు.

గంటస్తంభం (10:52)
16 తీసేశాను. దాని బదులు ఇంకో అంకె వెయ్యలేదు, వేసే అర్హత నాకు ఇప్పుడు లేదు.

కానీ మిగతా విషయంలో నా మాట మీదే ఉన్నాను. చేసినవారి పేరు కనబడకూడదు. లోపల ఏముంది, దేనితో పులిసింది, ఎన్ని రోజులైంది, పుల్లగా ఉండాలా తియ్యగా ఉండాలా, ఇవి మాత్రం చీటీ మీద ఉండాలి. అప్పుడు ఎవరూ భయపడి ఉమ్మరు, ఎవరూ మొహమాటపడి మింగరు.

నాగావళి_ఒడ్డు (11:15)
చీటీకి ఒప్పుకుంటాను. మార్కులకు ఒప్పుకోను. డల్లాస్ తమ్ముడు చెప్పినట్టు చేసినవాళ్లు పక్కన ఉండాలి, అడిగితే చెప్పాలి. నేను ఎదురుగా కూర్చుంటాను, మీరు నా మొహం చూసే పుల్లగా ఉందని చెప్పండి మాస్టారూ. నేను ఏడవను.

గంటస్తంభం (11:40)
మార్కుల సంగతి వచ్చే నెల మేడ మీదే తేల్చుకుందాం. ఈలోగా ఒక మాట అడుగుతాను. చోళ్లు మొలక కట్టాక నీడలో ఎన్ని రోజులు ఆరబెట్టావు? పొద్దున్న అరకిలో నానబోశాను.

నాగావళి_ఒడ్డు (11:44)
ఈ వానల్లో మూడు రోజులు పడుతుంది. ఫ్యాను కింద పెట్టండి. మొలక గోరంత దాటితే చేదు వస్తుంది, రేపు సాయంత్రం విప్పి చూడండి.