సహాయక ప్రాసెస్‌కు ఆర్గ్యుమెంట్లు: జాబితాగా పంపితే చాలునా, కమాండ్ లైన్‌నే మానుకోవాలా?

చిత్రశాల (మారతహళ్ళి, బెంగళూరు):

బెంగళూరులో నలుగురం కలిసి ఒక చిన్న సంస్థ నడుపుతున్నాము. ఆంధ్ర, తెలంగాణ ఊళ్ళలోని ఫోటో స్టూడియోల వారు పంపే పెళ్ళి వీడియోలను ఫోనులో చూడదగినంతగా కుదించి, వాటిపై శీర్షిక వేసి తిరిగి ఇవ్వడం మా పని. ఈ పనిని మా సర్వర్ తానే చేయదు; ప్రతి ఫైలుకూ వీడియోలను మార్చే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ప్రోగ్రామ్‌ను వేరే ప్రాసెస్‌గా మొదలుపెట్టి, ఫైలు పేరును ఆర్గ్యుమెంట్‌గా, అంటే మొదలుపెట్టేటప్పుడే ఇచ్చే సమాచారంగా, అందిస్తుంది. ఇన్నాళ్ళూ మా కోడ్ కమాండ్ మొత్తాన్ని ఒకే స్ట్రింగ్‌గా కూర్చి, ఫైలు పేరుకు అటూ ఇటూ డబుల్ కోట్లు పెట్టి, కమాండ్లను చదివి నడిపే షెల్ చేతికి ఇచ్చేది.

గత వారం ఒక స్టూడియో వారు “అమెరికా మామయ్య చదివింపులు $500” అనే పేరుతో వీడియో పంపారు. అటువంటి ఫైలు లేదని మా వ్యవస్థ చెప్పింది. లాగ్ తెరిచి చూస్తే అందులో “చదివింపులు 00” అని ఉన్నది. డబుల్ కోట్ల లోపల కూడా షెల్ డాలరు గుర్తును వదిలిపెట్టదు; దాని పక్కనున్న 5ను ఐదవ ఆర్గ్యుమెంట్‌గా భావించి, అది ఖాళీ కనుక తుడిచివేసి, రెండు సున్నాలను మాత్రం మిగిల్చింది. ఆ వీడియోను పేరు మార్చి మళ్ళీ పంపించుకోవడంతో ఆ పూటకు పని గడిచింది. కానీ డాలరు గుర్తు తరువాత అంకె కాక కుండలీకరణాల్లో ఒక కమాండ్ ఉండి ఉంటే, మా సర్వర్ దానిని నిస్సంకోచంగా నడిపి ఉండేది. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి నాకు స్థిమితం లేదు.

మాలో ఏకాభిప్రాయం కుదరడం లేదు. ఒకరు కోట్లు సరిగా వేసే ఫంక్షన్‌ను వాడుకుంటే చాలునంటారు. మరొకరు షెల్‌ను తీసివేసి ఆర్గ్యుమెంట్లను జాబితాగా ఇవ్వాలంటారు. మూడవవారు, బయటివారి నుంచి వచ్చిన ఏ అక్షరమూ కమాండ్ లైన్‌కు చేరకూడదనీ, అంతా స్టాండర్డ్ ఇన్‌పుట్ (ప్రోగ్రామ్ నడుస్తుండగా సమాచారాన్ని చదువుకునే దారి) ద్వారానే పంపాలనీ పట్టుబడుతున్నారు. మీలో ఈ పని చేసినవారు ఏది సరైనదంటారు, ఎందుకంటారు?

తీగ (జయనగర, బెంగళూరు):

చిత్రశాల గారూ, జాబితాగా ఇవ్వండి. నా మట్టుకు ఇందులో రెండో మాట లేదు.

లినక్స్‌లో కొత్త ప్రోగ్రామ్‌ను నడపమని ఆపరేటింగ్ సిస్టమ్‌ను కోరే సిస్టమ్ కాల్ ఎగ్జెక్‌వీఈ. అది మీ నుంచి కమాండ్ అనే స్ట్రింగ్‌ను కోరనే కోరదు. ప్రోగ్రామ్ ఉన్న చోటును, ఆర్గ్యుమెంట్ల జాబితాను, ఎన్విరాన్‌మెంట్ జాబితాను (ప్రాసెస్‌కు అందే పేరు-విలువల జతలను) మాత్రమే కోరుతుంది. మీరిచ్చిన ఒక్కొక్క ఆర్గ్యుమెంట్‌ను ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్రభాగమైన కెర్నల్ ఉన్నదున్నట్టుగా కొత్త ప్రాసెస్ స్టాక్‌పైకి కాపీ చేస్తుంది. ఖాళీ జాగా ఉన్నా, డాలరు గుర్తు ఉన్నా, కొత్త లైను ఉన్నా దానికి పట్టదు. ఆర్గ్యుమెంట్ లోపల ఉండకూడనిది శూన్య బైటు ఒక్కటే. మీ దగ్గర అసలు జాబితాగానే ఉన్న సమాచారాన్ని మీరే ఒక స్ట్రింగ్‌గా అతికించి, దానిని మళ్ళీ ముక్కలు చేయమని షెల్‌ను బతిమాలుతున్నారు. ఆ అతుకు దగ్గరే ప్రమాదమంతా ఉన్నది. పైథాన్‌లో సబ్‌ప్రాసెస్ మాడ్యూల్‌కు జాబితా ఇస్తే, మీరు ప్రత్యేకంగా అడిగితే తప్ప, షెల్ ప్రవేశించదు.

కోట్లు వేసే ఫంక్షన్‌ను నమ్ముకోవాలనేవారికి పీహెచ్‌పీ భాషలో ఈమెయిల్ పంపే లైబ్రరీ పీహెచ్‌పీమెయిలర్ ఉదంతం గుర్తు చేస్తాను. 2016 డిసెంబరులో, పంపేవారి ఈమెయిల్ చిరునామా ద్వారా, మెయిల్ పంపే సెండ్‌మెయిల్ ప్రోగ్రామ్‌కు అదనపు ఆర్గ్యుమెంట్లు చొప్పించవచ్చునని బయటపడింది. దిద్దుబాటుగా ఆ చిరునామాకు కోట్లు వేశారు. అయితే పీహెచ్‌పీ మెయిల్ ఫంక్షన్ లోపల మరొక ఎస్కేపింగ్ (ప్రత్యేక అక్షరాలను మామూలు అక్షరాలుగా చదివించే ఏర్పాటు) అప్పటికే జరుగుతోంది. విడివిడిగా చూస్తే రెండూ సరైనవే; రెండూ కలిసేసరికి మొదటిది కట్టిన కట్టును రెండోది విప్పింది. దానితో అదే లోపానికి రెండవ సీవీఈ సంఖ్య (భద్రతా లోపాలకు ఇచ్చే గుర్తింపు సంఖ్య) ఇవ్వవలసి వచ్చింది. కోట్లు వేసేవారికి తమ తరువాత ఎవరు చదువుతారో, ఎన్నిసార్లు చదువుతారో తెలిసి ఉండాలి. అది ఎల్లప్పుడూ తెలియదు.

కిటికీ (వైట్‌ఫీల్డ్, బెంగళూరు):

తీగ గారు చెప్పినది లినక్స్ వరకు నిజం. “జాబితా ఇస్తే చాలు” అనే మాటను మాత్రం విండోస్‌లో పనిచేసేవాడిగా నేను ఒప్పుకోలేను, ఎందుకంటే అక్కడ జాబితా అనేదే లేదు.

విండోస్‌లో ప్రాసెస్‌ను సృష్టించే క్రియేట్‌ప్రాసెస్ ఫంక్షన్ తీసుకునేది ఒకే ఒక పొడవాటి స్ట్రింగ్‌ను. దాని గరిష్ఠ పరిమితి 32,767 అక్షరాలు. ఆ స్ట్రింగ్‌ను ఆర్గ్యుమెంట్లుగా విడదీసుకునే బాధ్యత మొదలైన ప్రోగ్రామ్‌దే. చాలా ప్రోగ్రామ్‌లు మైక్రోసాఫ్ట్ సీ రన్‌టైమ్ (సీ భాషా ప్రోగ్రామ్‌లకు తోడుగా ఉండే లైబ్రరీ) నియమాలను పాటిస్తాయి. వాటి ప్రకారం బ్యాక్‌స్లాష్ డబుల్ కోట్‌కు ముందున్నప్పుడే ప్రత్యేకం, మిగిలిన చోట్ల మామూలు అక్షరం. విండోస్ షెల్ అయిన సీఎండీకి నియమాలు పూర్తిగా వేరు. అక్కడ క్యారెట్, శాతం గుర్తులు పెత్తనం చేస్తాయి. పైథాన్‌కు గానీ రస్ట్ భాషకు గానీ మీరు జాబితా ఇచ్చినప్పుడు, ఆ లైబ్రరీ మీ చాటున దానిని స్ట్రింగ్‌గా కూరుస్తుంది, అవతలివాడు ఫలానా నియమాలే పాటిస్తాడన్న ఊహ మీద.

ఆ ఊహ ఎక్కడ తప్పిందో 2024 ఏప్రిల్‌లో లోకమంతా చూసింది. బ్యాచ్ ఫైలును (కమాండ్లు వరుసగా రాసి ఉన్న ఫైలును) మొదలుపెట్టమంటే విండోస్ మీకు చెప్పకుండానే సీఎండీని నడుపుతుంది. రస్ట్ ప్రామాణిక లైబ్రరీ సీ రన్‌టైమ్ నియమాలకు తగినట్టు కోట్లు వేసి పంపగా, వాటిని సీఎండీ తన నియమాలతో చదివి, ఆర్గ్యుమెంట్ లోపల దాగిన కమాండ్‌ను నడపగలిగేది. సీవీఈ-2024-24576గా నమోదైన ఆ లోపానికి తీవ్రత పదికి పది ఇచ్చారు. రస్ట్ 1.77.2లో చేసిన దిద్దుబాటు గమనించదగినది: క్షేమంగా పంపలేని ఆర్గ్యుమెంట్ ఎదురైతే లైబ్రరీ ఇక దానిని పంపదు, తప్పు అని తిరిగి చెబుతుంది. జావాస్క్రిప్ట్‌ను నడిపే నోడ్‌జేఎస్ అయితే షెల్ కావాలని స్పష్టంగా అడిగితే తప్ప బ్యాచ్ ఫైలును మొదలుపెట్టడానికే నిరాకరించింది. వారంతా జాబితానే వాడారు, తీగ గారూ. ఆ జాబితా గమ్యం చేరేలోపు కరిగిపోయింది.

వేపచెట్టు (బసవనగుడి, బెంగళూరు):

షెల్‌ను, రన్‌టైమ్‌ను దాటిన తరువాత మూడవ పాఠకుడు ఒకరున్నారు: సహాయక ప్రోగ్రామ్‌లోనే ఉండి, ఆప్షన్లను గుర్తించే భాగం. ఆర్గ్యుమెంట్ చెక్కుచెదరకుండా చేరినా, అది హైఫన్‌తో మొదలైతే ఆ ప్రోగ్రామ్ దానిని ఫైలు పేరుగా కాక ఆదేశంగా చదువుతుంది. 2017 ఆగస్టులో, కోడ్ మార్పులను భద్రపరిచే గిట్‌లో దిద్దిన లోపం ఇదే. రిపాజిటరీ (కోడ్ దాచిన చోటు) చిరునామాలో సర్వర్ పేరు ఉండవలసిన చోట హైఫన్‌తో మొదలయ్యే మాటను పెడితే, గిట్ దానిని, దూరపు సర్వర్‌కు కలిపే ఎస్‌ఎస్‌హెచ్‌కు అందించేది. ఎస్‌ఎస్‌హెచ్ దానిని ప్రాక్సీ కమాండ్ ఆప్షన్‌గా భావించి, అందులోని కమాండ్‌ను నడిపేది. గిట్ వంటివే అయిన మెర్క్యురియల్, సబ్‌వర్షన్ కూడా అదే సమయంలో దిద్దుకోవలసి వచ్చింది.

ఆప్షన్లు ఇక్కడితో ముగిశాయని చెప్పడానికి రెండు హైఫన్లను విడి ఆర్గ్యుమెంట్‌గా పెట్టే సంప్రదాయం ఉన్నది కానీ, దానిని ప్రతి ప్రోగ్రామూ పాటించదు. చిత్రశాల గారి విషయంలో ఫైలుకు రూట్ (అన్నిటికన్నా పై ఫోల్డర్) నుంచి పూర్తి పాత్ ఇవ్వడం మేలు. అప్పుడు మొదటి అక్షరం ఎప్పుడూ స్లాష్ అవుతుంది. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌తో ఇది మరింత అవసరం, ఎందుకంటే “కాంకాట్” అనే ఆంగ్ల పదమూ దాని వెంట కోలనూ ఇన్‌పుట్ పేరు మొదట్లో ఉంటే, అది ఆ పేరును ఫైలుగా కాక ప్రోటోకాల్‌గా చదువుతుంది.

ఇక రహస్యాల విషయంలో మీ మూడవ సహచరుడే నూటికి నూరుపాళ్ళు సరి. లినక్స్‌లో మామూలుగా ఒక ప్రాసెస్ కమాండ్ లైన్‌ను ఆ యంత్రంపై ఉన్న ఏ యూజర్ అయినా చదవవచ్చును. నేను మునుపు పనిచేసిన చోట, ఫైళ్ళను క్లౌడ్‌కు చేర్చే సహాయక ప్రాసెస్‌కు టోకెన్‌ను (ప్రవేశానికి వాడే రహస్య సంకేతాన్ని) ఆర్గ్యుమెంట్‌గా ఇచ్చేవాళ్ళము. యంత్రం ఎందుకు మందగిస్తున్నదో చూడటానికి ఎవరో ప్రతి ఐదు నిమిషాలకూ ప్రాసెస్‌ల పట్టికను లాగ్‌లో రాసే స్క్రిప్ట్ పెట్టారు. ఆ లాగ్ అందరికీ అందుబాటులో ఉండేది. ఆరు నెలల టోకెన్లు అందులో వరుసగా కనిపించిన రోజున నేను పడిన సిగ్గు ఇప్పటికీ పోలేదు, ఎందుకంటే ఆ కోడ్ రాసినది నేనే.

ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో పెట్టవచ్చు కదా అని కొందరు అడుగుతారు. ఇతర యూజర్లకు అది కనిపించదు, నిజమే. అయినా ఆ సహాయకుడు మొదలుపెట్టే పిల్ల ప్రాసెస్‌లన్నింటికీ అది వారసత్వంగా దిగిపోతుంది. పైప్ ద్వారా, అంటే సహాయకుడి స్టాండర్డ్ ఇన్‌పుట్‌కు కలిపిన గొట్టం ద్వారా పంపడమే నాకు నచ్చిన పద్ధతి. డాకర్ అనే సాధనం తన లాగిన్ కమాండ్‌కు సంకేతపదాన్ని స్టాండర్డ్ ఇన్‌పుట్ నుంచి చదివే ఆప్షన్ ఇచ్చినది ఇందుకే.

తీగ (జయనగర, బెంగళూరు):

కిటికీ గారూ, వేపచెట్టు గారూ, “రెండో మాట లేదు” అన్నందుకు చింతిస్తున్నాను. ఆ మాటను వెనక్కు తీసుకుంటున్నాను. అయితే అన్నింటినీ స్టాండర్డ్ ఇన్‌పుట్‌లోకి తరలించాలన్న వాదనను ఇప్పటికీ అంగీకరించను.

మొదటిది, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ మనం రాసినది కాదు. దాని ఆప్షన్లను జేసన్ అనే పాఠ్య రూపంలో రాసి పైప్‌లో పోస్తే అది చదవదు. మనమే రాసుకున్న సహాయకుడికి మాత్రమే ఆ సౌకర్యం ఉంటుంది. రెండవది, పైప్‌కు దాని ఇబ్బంది దానికున్నది. లినక్స్‌లో పైప్ డిఫాల్ట్ సామర్థ్యం 65,536 బైట్లు. తల్లి ప్రాసెస్ ఇంకా రాస్తూ ఉండగానే సహాయకుడు ఫలితాలను వెనక్కు రాయడం మొదలుపెట్టి, ఆ పైప్ నిండిపోతే, ఇద్దరూ ఒకరి కోసం ఒకరు ఆగిపోతారు. చిన్న ఫైళ్ళతో పరీక్షించినప్పుడు అంతా బాగుంటుంది; మొదటి పెద్ద ఫైలు వచ్చిన రోజున, ఏ తప్పూ చెప్పకుండా, రెండు ప్రాసెస్‌లూ నిలబడిపోతాయి. మూడవది, ప్రాసెస్‌ల పట్టికలో ఏ ఫైలు మీద పని జరుగుతున్నదో కనబడటం నడిపేవారికి మేలే. రాత్రి రెండు గంటలకు ఏది ఇరుక్కుపోయిందో వెతికేవారికి ఆ ఒక్క పంక్తి ఎంత ఆదుకుంటుందో అనుభవించినవాడిని.

కనుక రహస్యాలు పైప్‌లో వెళ్ళాలి, మిగిలినవి జాబితాలో వెళ్ళాలి అనేది ఇప్పుడు నా అభిప్రాయం.

అలలతీరం (తరమణి, చెన్నై):

అందరూ పంపేవారి వైపు నుంచే మాట్లాడుతున్నారు. మీ సహాయక ప్రోగ్రామ్‌ను మీరే రాస్తున్నట్లయితే, తనకు చేరిన జాబితాను అది కూడా అనుమానించాలి. వేరే యూజర్ అధికారంతో ప్రోగ్రామ్‌లను నడిపే పీకెఎగ్జెక్‌లో 2022 జనవరిలో బయటపడిన లోపంలో, ఆర్గ్యుమెంట్ల జాబితా పూర్తిగా ఖాళీగా వచ్చినా ప్రోగ్రామ్ అందులో కనీసం తన పేరైనా ఉంటుందని భావించింది. ఫలితంగా జాబితా అంచు దాటి, పక్కనే ఉన్న ఎన్విరాన్‌మెంట్ భాగంలోకి చదివి, అక్కడే రాసింది. మామూలు యూజర్‌కు రూట్ అధికారం, అంటే యంత్రంపై సర్వాధికారం, దక్కింది. ఆ లోపం 2009 నుంచీ అందులో ఉన్నది.

చిత్రశాల (మారతహళ్ళి, బెంగళూరు):

అందరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం కూర్చుని మార్చిన పద్ధతి ఇది. వచ్చిన ఫైలును మేమే ఇచ్చిన సంఖ్యతో సర్వర్‌లో భద్రపరుస్తాము. స్టూడియో వారు పెట్టిన పేరు డేటాబేస్‌లో మాత్రమే ఉంటుంది. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌కు ఆ సంఖ్య గల పూర్తి పాత్ జాబితాలో వెళుతుంది, షెల్ లేదు. దీనివల్ల అనుకోని మేలు ఒకటి జరిగింది. మా లినక్స్ డిస్కుపై ఫైలు పేరుకు 255 బైట్ల పరిమితి ఉన్నది. తెలుగులో ఒక్కొక్క యూనికోడ్ సంకేతానికి 3 బైట్లు పడతాయి కనుక, వధూవరుల పేర్లు, ఊరు, ముహూర్తం అన్నీ కలిపి రాసే పేర్లు 85 సంకేతాలు దాటి తరచుగా తిరస్కరణకు గురయ్యేవి. ఆ ఫిర్యాదులకు కారణం ఇదని ఇప్పటిదాకా మాకు తెలియదు.

వేపచెట్టు (బసవనగుడి, బెంగళూరు):

బాగున్నది. అయితే వీడియోపై శీర్షిక వేస్తామని మొదట్లో రాశారు. ఆ శీర్షికలో స్టూడియో వారు పెట్టిన పేరే ఉంటుంది కదా? అది ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌కు ఏ దారిలో వెళుతున్నది?

చిత్రశాల (మారతహళ్ళి, బెంగళూరు):

మీరు అడిగేదాకా ఆ వైపు చూడలేదు. వీడియోపై అక్షరాలు వేసే డ్రాటెక్స్ట్ ఫిల్టర్ వర్ణన లోపలే పేరును చేర్చి, ఒక ఆర్గ్యుమెంట్‌గా పంపుతున్నాము.

వేపచెట్టు (బసవనగుడి, బెంగళూరు):

అయితే షెల్‌ను తీసివేసినా అదే పొరపాటు మరొక భాషలో మిగిలి ఉన్నది. ఆ ఫిల్టర్ వర్ణనకు సొంత వ్యాకరణం ఉన్నది. అందులో కోలన్, కామా, సింగిల్ కోట్, బ్యాక్‌స్లాష్ ప్రత్యేక అక్షరాలు, పైగా ఒకదానిలో ఒకటిగా రెండు మూడు స్థాయిల ఎస్కేపింగ్ అవసరమవుతుంది. “వివాహం: మొదటి రోజు” అనే శీర్షికలోని కోలన్ దగ్గర వర్ణన తెగిపోతుంది, తెలిసి రాసినవారు అదే చోట మరొక ఫిల్టర్‌ను కూడా చేర్చవచ్చును. ఎస్కేపింగ్‌తో కుస్తీ పట్టకండి. శీర్షికను ఒక తాత్కాలిక ఫైలులో రాసి, డ్రాటెక్స్ట్‌కు ఉన్న టెక్స్ట్‌ఫైల్ ఆప్షన్‌లో ఆ ఫైలు పాత్‌ను ఇవ్వండి. దానితోపాటు ఎక్స్‌పాన్షన్ అనే ఆప్షన్‌ను “నన్” అని పెట్టండి. లేకపోతే ఫైలు లోపలి శాతం గుర్తులను కూడా అది అర్థం చేసుకోవడానికి ప్రయత్నిస్తుంది.

చిత్రశాల (మారతహళ్ళి, బెంగళూరు):

మార్చాను. కోలన్, సింగిల్ కోట్, శాతం గుర్తు, మొదట్లో హైఫన్ ఉన్న నాలుగు పేర్లతో పరీక్షలు రాసి నడిపాను. నాలుగూ తెరపై ఉన్నవున్నట్టు వచ్చాయి. ఐదవదిగా ఆ పాత వీడియోను దాని మొదటి పేరుతోనే మళ్ళీ ఎక్కించాను. “అమెరికా మామయ్య చదివింపులు $500” అని ఒక్క అక్షరం పోకుండా కనిపిస్తున్నది.