మెఫీబోషెతా, మెరీబ్బయలా? మావాడి మార్కు పోయింది

గుంటూరు నాన్న:
మొన్న ఆదివారం మా సంఘంలో బైబిల్ క్విజ్ పెట్టారు. ఆరో తరగతి చదివే మావాడు "యోనాతాను కుమారుని పేరేమిటి" అన్న ప్రశ్నకి మెరీబ్బయలు అని రాశాడు. తప్పని కొట్టేశారు, మెఫీబోషెతు అని రాయాలట. ఇంటికొచ్చి ఒకటే ఏడుపు. దినవృత్తాంతములు మొదటి గ్రంథం తీసి 8వ అధ్యాయం 34వ వచనం మీద వేలు పెట్టి చూపించాడు, నిజంగానే అలాగే ఉంది. ఆ పేర్ల అధ్యాయాలు నేను ఇన్నేళ్లుగా దాటేసి చదువుతున్నానని అప్పుడు తెలిసొచ్చింది. ఇంతకీ ఒకే మనిషికి రెండు పేర్లా, ఇద్దరు మనుషులా? తెలిసినవాళ్లు చెప్పండి, పెద్దలతో మాట్లాడాలి.

వంశావళి పిచ్చోడు:
మీవాడికి మార్కు ఇవ్వాల్సిందే. మనిషి ఒకడే. అనుమానముంటే కొడుకు పేరు చూడండి, సమూయేలు రెండో గ్రంథం 9లో మెఫీబోషెతుకి మీకా అనే చిన్న కొడుకున్నాడు, దినవృత్తాంతాల్లో మెరీబ్బయలుకి పుట్టిందీ మీకానే. పైన తండ్రి అతనే, కింద కొడుకూ అతనే, మధ్యలో పేరు మాత్రం మారింది.

పైగా ఇది ఇతనొక్కడితో ఆగలేదు. యోనాతాను తండ్రి సౌలు రాజుకి ఇంకో కొడుకున్నాడు, సమూయేలులో ఇష్బోషెతు, దినవృత్తాంతాల్లో ఎష్బయలు. గిద్యోనుకి న్యాయాధిపతుల్లో యెరుబ్బయలు అని ఇంకో పేరుంది కదా, ఊరియా చావు కబురు పంపేటప్పుడు దావీదు సేనాపతి యోవాబు నోట అదే యెరుబ్బెషెతు అయిపోయింది (2 సమూయేలు 11:21). మూడుచోట్లా బయలుని (కనానీయుల దేవుడి పేరు) లేపేసి అక్కడ బోషెతుని కూర్చోబెట్టారు. బోషెతు అంటే హెబ్రీలో సిగ్గు, అవమానం. తర్వాతి కాలంలో ప్రతులు రాసుకుంటూ వచ్చినవాళ్లకి బయలు పేరు పలకడమే రోత, అందుకని ఆ ముక్క తీసి సిగ్గు అని పెట్టారన్నది పండితుల్లో ఎక్కువమంది చెప్పే మాట. యిర్మీయా 11:13 చూడండి, బయలునీ "లజ్జాకరమైన" అన్న మాటనీ పక్కపక్కనే వాడాడు. దినవృత్తాంతాలు రాసినాయన మాత్రం పాత జాబితా ఏదో ముందు పెట్టుకుని ఉన్నదున్నట్టు దించినట్టున్నాడు. తమాషా ఏమిటంటే సమూయేలు కంటే అదే తర్వాతి పుస్తకం, అయినా పాత పేరు దాంట్లోనే బతికింది.

మెరీబ్‌లో ఉన్నది రీబ్, అంటే వాదులాట. మోషే బండను కొట్టిన చోటు మెరీబా గుర్తుందిగా, అదే ధాతువు. కాబట్టి మెరీబ్బయలు అంటే "బయలు నా పక్షాన వాదిస్తాడు" లాంటి అర్థం. మెఫీ అన్న ముక్క దగ్గరే పేచీ. "నోటి నుంచి" అని కొందరంటారు, "ముక్కలు చేసేవాడు" అని కొందరంటారు.

బ్యూలా అక్క:
చిన్నప్పుడు నాకు బయలు అంటే ఆరుబయలే. ఏలీయా కథలో బయలు ప్రవక్తలు నాలుగు వందల యాభై మంది అని చదివితే, పాపం గుడి లేక బయట కూర్చుని ప్రవచించేవాళ్లు కాబోలు అనుకునేదాన్ని. కర్మెలు కొండ మీద జరిగింది కదా, అదీ ఆరుబయటే, నాకు అంతా సరిపోయింది. టీచర్ని అడిగితే తలమీద ఒక్కటిచ్చారు. అసలు ఆ మాటకి అర్థం ఏంటండీ?

హైఫా నుంచి:
నేను ఇజ్రాయెల్‌లో ముసలివాళ్లని చూసుకునే పనిలో ఉన్నాను, ఊరు జగిత్యాల దగ్గర. వచ్చిన మొదటి వారం, నేను చూసుకునే సావ్తా (ఇక్కడ నానమ్మని, అమ్మమ్మని అలాగే పిలుస్తారు) గోడమీది ఫొటో చూపించి "బాలీ, బాలీ" అంటోంది. నా గుండె ఝల్లుమంది, ఇదేంటి ఈవిడ బయలు పేరెత్తుతోంది అని. తీరా చూస్తే బాలీ అంటే "మా ఆయన". ఇప్పటి హెబ్రీలో బాల్ అంటే మొగుడు, యజమాని. ఇంటి ఓనర్ని బాల్ హబాయిత్ అంటారు. సిగ్గు అనే మాట కూడా బతికే ఉంది, బుషా. టీవీలో వార్తలొచ్చాయంటే చాలు, మా సావ్తా రోజుకి పదిసార్లు బుషా, బుషా అంటూనే ఉంటుంది.

వంశావళి పిచ్చోడు:
హైఫా చెల్లెమ్మ చెప్పిందే అసలు సంగతి. బయలు మొదట ఒక బిరుదు, ప్రభువు, యజమాని, భర్త అని. సౌలు ఒక కొడుక్కి యోనాతాను అని పెట్టాడు, అంటే "యెహోవా ఇచ్చాడు". ఇంకో కొడుక్కి ఎష్బయలు. ఒకే ఇంట్లో రెండూ ఉన్నాయంటే ఆ రోజుల్లో యెహోవానే బయలు అని పిలిచేవాళ్లని అనుకోవచ్చు. సిక్లగులో దావీదు దగ్గర చేరిన బెన్యామీనీయుల్లో బెయల్యా అని ఒకడున్నాడు (1 దినవృత్తాంతములు 12:5), ఆ పేరుకి అర్థమే "యెహోవాయే బయలు". తర్వాత హోషేయ ప్రవక్త కాలానికి ఆ మాట కనాను దేవుడితో పూర్తిగా కలిసిపోయింది, ఇక నన్ను బయలు అని పిలవొద్దు, నా పురుషుడా అని పిలువు అని దేవుడే అన్నట్టు రాశాడు (2:16).

బ్యూలా అక్కా, కాస్త కూర్చుని చదవండి. మీ పేరూ ఆ ధాతువుదే. యెషయా 62:4లో బ్యూలా అంటే పెళ్లయినది, భర్త ఉన్నది.

బ్యూలా అక్క:
నలభై రెండేళ్లు వచ్చాయి, ఇప్పుడా చెప్పేది!! మా అమ్మకి మాత్రం చెప్పను.

మెదక్ మనవడు:
నేను ఇంకోలా అనుకున్నాను. మా తాత పేరు పెంటయ్య. ఆయనకి ముందు పుట్టినవాళ్లు ముగ్గురు పోయారట, ఈయన పుట్టగానే చాటలో పెట్టి పెంటకుప్ప మీద పడుకోబెట్టారు, పక్కింటామె ఎత్తుకొస్తే నూకలిచ్చి కొనుక్కున్నారు. నికృష్టమైన పేరు పెడితే చావు కన్నెత్తి చూడదని. మెఫీబోషెతు కూడా అలాంటి పేరేమో, కుంటివాడు కదా, దిష్టి తగలకుండా సిగ్గు అని పెట్టుకున్నారేమో.

వంశావళి పిచ్చోడు:
ఆలోచన బాగుంది తమ్ముడూ, కానీ లెక్క కుదరదు. కుంటితనం పుట్టుకతో వచ్చింది కాదు. యెజ్రెయేలు నుంచి సౌలు, యోనాతాను చనిపోయారని కబురొచ్చినప్పుడు వాడికి ఐదేళ్లు, దాది ఎత్తుకుని పరిగెత్తుతుంటే పడి కుంటివాడయ్యాడు (2 సమూయేలు 4:4). పేరు అప్పటికే ఉంటుంది కదా. మీ తాతగారికి పేరు పెట్టింది కన్నవాళ్లు, ప్రేమతో. ఇక్కడ పెట్టింది వందల ఏళ్ల తర్వాత కలం పట్టినవాళ్లు, బయలు మీద కోపంతో.

ఆ పాత పేర్లు నిజంగా జనంలో ఉన్నాయనడానికి మట్టి సాక్ష్యం కూడా ఉంది. ఏలా లోయ పక్కన, అంటే దావీదు గొల్యాతుని కొట్టిన లోయే, ఖిర్బెత్ ఖియాఫా అనే చోట 2012లో ముక్కలైపోయిన కుండ దొరికింది. ఓపిగ్గా అతికించి చూస్తే, కాల్చకముందు పచ్చిమట్టి మీద గీసిన అక్షరాలు కనిపించాయి: బెదా కుమారుడు ఎష్బయలు. క్రీస్తుపూర్వం 1000 అటూ ఇటూ కాలం, 2015లో ప్రకటించారు. తండ్రి పేరు బెదా కాబట్టి సౌలు కొడుకు కాదు, అదే పేరున్న వేరే ఎవరో.

అడ్డు ప్రశ్న:
అంత తేలిగ్గా తేల్చేయకండి. 1975లో మతిత్యాహు త్సెవాత్ అనే పండితుడు బోషెతు అంటే ఇక్కడ సిగ్గే కాదన్నాడు. అక్కాదు భాషలో (పాత బబులోను, అష్షూరు వాళ్ల భాష) బాష్టు అనే మాటకి పరువు, తేజస్సు, కాపాడే శక్తి అని అర్థాలున్నాయి, పేర్లలో కూడా వస్తుంది, ఇదీ అదే అన్నాడు. అప్పుడు రెండు పేర్లూ మొదటి నుంచీ ఉన్నట్టే. ఇంకోటి, యూదు రబ్బీల పాత గ్రంథం తాల్మూదులో (బెరాఖోత్ 4ఎ) కథే వేరు: ఇతను దావీదుకి గురువట, ధర్మశాస్త్రం విషయంలో దావీదునే తప్పుపట్టి సిగ్గుపడేలా చేసేవాడు కాబట్టి ఆ పేరొచ్చిందట.

వంశావళి పిచ్చోడు:
తాల్మూదు కథ నాకూ ఇష్టమే, చరిత్రగా కాదు. త్సెవాత్ మాట మాత్రం కొట్టిపారేసేది కాదు. కానీ కొన్ని గ్రీకు ప్రతుల్లో సమూయేలులోనే మెంఫిబాల్ అని ఉంది, అది చూశాక నేను మార్చారన్న వైపే మొగ్గుతాను. అన్నట్టు నాన్నగారూ, క్విజ్ పెట్టేవాళ్లకి ఇదీ చెప్పండి: మెఫీబోషెతులు ఇద్దరు. రెండోవాడు సౌలుకి ఉపపత్ని రిస్పా వల్ల పుట్టినవాడు, గిబియోనీయులకి అప్పగించింది అతన్ని (2 సమూయేలు 21:8). యోనాతాను కొడుకుని దావీదు ఆ పైవచనంలోనే తప్పించాడు.

గుంటూరు నాన్న:
అందరికీ వందనాలు. నిన్న సాయంత్రం బైబిల్ పట్టుకుని వెళ్లాను, 8:34 చూపించాను. పెద్దాయన కళ్లజోడు పైకి తోసి రెండుసార్లు చదివి, "అబ్బాయి చెప్పింది కరెక్టే, కానీ జవాబుల కాగితంలో లేదు" అన్నారు. ఆఖరికి అర మార్కు కలిపారు. ఫస్ట్ ప్రైజ్ స్టీలు టిఫిన్ డబ్బా అప్పటికే వేరే పిల్లకి వెళ్లిపోయింది. మావాడు ఇప్పుడు ఆ తొమ్మిది పేర్ల అధ్యాయాలూ నోటికి పట్టేస్తానని కూర్చున్నాడు, రాత్రి పదకొండైనా లైటు తీయనివ్వడంలేదు.