క్యాన్సర్ చికిత్స అయిపోయిన అమ్మను ఫోన్ సాయంతో నడిపించడం ఎలా?

మార్కాపురం అమ్మాయి:
అమ్మకు 54 ఏళ్లు, ఊళ్లోనే ఉంటుంది. రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్, కీమో, రేడియేషన్ పోయిన వేసవికి అయిపోయాయి. ఇప్పుడు మాత్రలే. రిపోర్టులు బాగున్నాయి గానీ మనిషి మంచం దిగడం లేదు. చీపురు పట్టుకుంటే పిన్ని లాక్కుంటుంది, "నువ్వు కూర్చో అక్కా, బతికి బయటపడ్డావు, అది చాలు" అని. మిరపకాయ కోతలకు తెల్లవారకముందే బయల్దేరే అమ్మ, ఇప్పుడు బోరింగు దాకా వెళ్తే ఆయాసం అంటోంది. డాక్టరు గారు రోజూ నడవమన్నారు. నేను బెంగళూరులో ఉంటాను. స్మార్ట్‌ఫోన్ కొనిచ్చి అడుగులు లెక్కపెట్టే యాప్ వేశాను. నడిచానంటుంది, యాప్‌లో వంద అడుగులు కూడా కనబడవు. ఫోను టీవీ పక్కన ఛార్జింగులో ఉంటుంది. తెలుగులో మంచి యాప్ ఏదైనా ఉందా? చేయి వాస్తుందేమోనని కూడా భయంగా ఉంది.

గుంటూరు ఫిజియో:
యాప్ మారిస్తే సరిపోదండీ. ఫోను ఒంటి మీద ఉంటేనే అడుగులు లెక్కపెడుతుంది. చీర కట్టుకునే మనిషికి జేబేదీ? జాకెట్లో పెట్టుకుంటే ఆపరేషన్ అయిన చోట ఒత్తుకుంటుంది. లెక్క కావాలంటే చేతికి పెట్టుకునే బ్యాండు కొనండి, ఆపరేషన్ కాని వైపు చేతికే పెట్టించండి. లేదా అడుగులు వదిలేసి నిమిషాలు చూసుకోండి. వారానికి మూడు రోజులు, అరగంట చొప్పున కాస్త చురుగ్గా నడిస్తే క్యాన్సర్ తర్వాత వచ్చే నీరసం, దిగులు తగ్గుతాయని 2019లో అంతర్జాతీయ నిపుణులు తేల్చారు. అమ్మగారు పది నిమిషాలతో మొదలుపెట్టినా చాలు. ముందు హిమోగ్లోబిన్ ఒకసారి చూపించండి.

చేయి గురించి: చంకలో గ్రంథులు తీసినవాళ్లు బరువెత్తితే చేయి వాస్తుందని, ఎత్తకూడదని మన దగ్గర అందరూ చెబుతారు. 2009లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో, నేర్పేవాళ్లు దగ్గరుండి నిదానంగా బరువు పెంచుతూ పోతే ఆడవాళ్లలో వాపు పెరగలేదు. బిందె ఒక్కసారిగా ఎత్తమని కాదు, అరలీటరు నీళ్ల సీసాతో మొదలుపెట్టొచ్చు.

ఇంకొకటి. 2025లో పెద్దపేగు క్యాన్సర్ మీద 889 మందితో చేసిన అధ్యయనం బయటికి వచ్చింది. మూడేళ్లు వ్యాయామం చేయించిన వాళ్లలో ఐదేళ్లకు జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు 80 శాతం, ఆరోగ్య సలహాల పుస్తకం ఒక్కటే చేతికిచ్చిన వాళ్లలో 74 శాతం. అమ్మగారి జబ్బు వేరు, ఆ అంకెలు ఆమెకు వర్తించవు. నేను చూసేది ఒక్కటే: మొదటి గుంపు వాళ్లకు ఏళ్ల తరబడి వెంట ఉండి పలకరించే మనిషిని ఇచ్చారు. ఫోనుతో మీరు చేయగలిగింది అదే.

జగిత్యాల అక్క:
చెల్లె, నాది గూడ రొమ్ముదే. ఫోన్ మైకుల చెప్తున్న, ఫోనే రాసుకుంటది. బీడీలు చుట్టుకుంట కూసున్న పానం, ఆపరేషన్ అయినంక ఇంకింత కూసున్న. మా కొడుకు దుబాయ్‌ల ఉంటడు. మా ఇంట్ల సిగ్నల్ రాదు, చెరువు కట్ట మీద వస్తది. డ్యూటీకి పోయే ముందుగాల ఫోన్ చేస్తడు, నేను అప్పటికే కట్ట మీద ఉండాలె. మాట్లాడుకుంట ఈ కొస నుంచి ఆ కొస దాక పోతా. నడిచినవా అని అడగడు, కట్ట మీద ఎవరు కనవడ్డరు, నీళ్లు ఏడికొచ్చినయ్ అని అడుగుతడు. ఇప్పుడు మా వాడకట్టుల ఇంకిద్దరు వస్తున్నరు, ఒకామెకు గర్భసంచి క్యాన్సర్ అయింది. రాని రోజు వాట్సాప్‌ల వాయిస్ పెడ్తం, "ఏమాయె, పానం మంచిగ లేదా" అని.

కీమోతోని నా అరికాళ్లు మొద్దువారినయ్, ముల్లు ఇరిగినా ఎరుక కాలే. అమ్మకు చెప్పుల్లేకుంట నడువద్దని చెప్పు. మీ పిన్నికి గూడ డాక్టర్ మాట వినిపియ్యి, లేకుంటే చీపురు గుంజుకుంటనే ఉంటది.

మార్కాపురం అమ్మాయి:
అక్కా, పిన్ని దగ్గర కూడా ఫోనుంది. ఆమెనే తోడు పంపుతాను, పొద్దున నేను ఇద్దరికీ కలిపి చేస్తాను. ఫిజియో గారూ, అమ్మ నొప్పి అనిపించినా చెప్పదు. దూరం నుంచి నాకెలా తెలుస్తుంది?

గుంటూరు ఫిజియో:
వారానికోసారి వీడియో కాల్‌లో రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూపించమనండి. ఆ వైపు గాజులు బిగుతయ్యాయా, జాకెట్ చేయి పట్టేస్తోందా అని అడగండి. అలా ఉన్నా, ఎముకల్లో కొత్తగా నొప్పి వచ్చి రాత్రి నిద్ర పట్టకపోయినా, కాస్త నడిస్తేనే గుండె దడదడలాడినా నడక ఆపించి వెంటనే డాక్టరుకు చూపించండి. ఎండలు ముదిరాయి కాబట్టి ఏడు లోపే నడక అయిపోవాలి.