నెపంథిస్ కొమ్మకు తేనె రాయాలా, కొబ్బరినీళ్లు పోయాలా?

ప్రశ్న (హైదరాబాద్): మా బాల్కనీలో పిచ్చర్ ప్లాంటు (నెపంథిస్, కూజాల్లాంటి తిత్తులతో పురుగుల్ని పట్టే మొక్క) ఉంది. కొన్నప్పుడు నర్సరీ అతను వెంట్రాటా రకం అన్నాడు. తీగలా నాలుగడుగులు సాగి, కింద ఆకులన్నీ రాలి బోసిగా ఉంది. పైభాగం కత్తిరించి నాటుదామనుకుంటున్నా. వేళ్లు రావడానికి కోతకి అమ్మ తేనె రాయమంటోంది, పక్కింటి ఆంటీ కలబంద గుజ్జు అంటారు, మా ఆయనేమో కొబ్బరినీళ్లు. గులాబీ కొమ్మకి కలబంద రాస్తే బతికింది కాబట్టి నాకూ ఆశగానే ఉంది. ఎవరైనా చేశారా?

జవాబు (విశాఖపట్నం): మూడూ చేసి చెడగొట్టుకున్నానండి. కొబ్బరినీళ్లు పోసిన కుండీ పది రోజులకే పులిసిన కంపు కొట్టింది. టిష్యూ కల్చర్ ల్యాబుల్లో (చిన్న ముక్కల నుంచి మొక్కల్ని పెంచే చోట) కొబ్బరినీళ్లు వాడే మాట నిజమే. అయితే వాటిలో ఉండే సైటోకైనిన్లు అనే హార్మోన్లు చిగుళ్లకి పనికొస్తాయి, వేళ్లకి కావలసింది ఆక్సిన్ అనే వేరే హార్మోన్. పైగా అందులో చక్కెర, పొటాషియం. సారం లేని నేలలో బతకడం కోసమే పురుగుల్ని తినే మొక్కకి ఆ లవణాలు పడవు.

తేనె చిక్కగా ఉన్నంతసేపే బూజుని ఆపుతుంది. కొమ్మని నాటే తడి నాచులో పెట్టగానే పల్చబడి, బూజుకే పాకం పోసినట్టవుతుంది. కలబంద గుజ్జు నాకు జిగురుగా కుళ్లింది.

వంటింట్లోంచి నేను ఇప్పటికీ తీసేది దాల్చినచెక్క పొడి ఒక్కటే. అదీ పై కోతకి మాత్రమే, బూజు పట్టకుండా. వేళ్లు రావలసిన కింది కోతకి అద్దితే అక్కడ ఎండబెట్టేస్తుంది.

అసలు పని తేమది. రెండు మూడు కణుపులున్న ముక్క తీసుకోండి, బ్లేడుని స్పిరిట్‌తో తుడిచి కొయ్యండి. ఆకుల్ని సగానికి కత్తిరించండి, లేకపోతే నీరంతా వాటిలోంచే పోతుంది. స్ఫాగ్నం నాచుని నానబెట్టి, గట్టిగా పిండి, అందులో ఒక కణుపు మునిగేలా గుచ్చండి. ఏ కొన పైదో గుర్తుపెట్టుకోండి, తలకిందులుగా పెడితే రాదు. పైన అడుగు కోసిన రెండు లీటర్ల సీసా బోర్లించి, నేరుగా ఎండ తగలని వెలుతురులో ఉంచండి. రెండు నెలలైనా ఓపిక పట్టాలి. పాత మొద్దుని పారేయకండి, మొదట్లోంచి సాధారణంగా పిలకలు వస్తాయి.

ప్రశ్న (హైదరాబాద్): థాంక్సండి. మాది బోరు నీళ్లు. ఇంట్లో ఆర్ఓ ఉంది, అవి పోయొచ్చా?

జవాబు (బెంగళూరు): ముందు టీడీఎస్ మీటరుతో (నీళ్లలో కరిగిన లవణాల్ని కొలిచేది) చూడండి. రుచి కోసం చాలా ఆర్ఓ మెషీన్లు ఖనిజాలు తిరిగి కలుపుతాయి. 50 పీపీఎం లోపు ఉంటే నిశ్చింత. లేదంటే వాన నీళ్లు పట్టుకోండి, లేదా ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ కొనండి. బోరు నీళ్లు మాత్రం వద్దు. మీకు డ్రోసెరా కేపెన్సిస్ (జిగురు ఆకులతో పురుగుల్ని పట్టే ఇంకో మొక్క) కూడా ఉంటే, దాన్ని పెంచడం ఇంకా తేలిక. ఆకుని కాడతో సహా తీసి, మూత ఉన్న గాజు డబ్బాలో డిస్టిల్డ్ వాటర్ మీద తేలనివ్వండి. కొన్ని వారాలకి ఆకు మీదే పిల్ల మొక్కలు లేస్తాయి. దానికి ఏ పొడీ, ఏ గుజ్జూ అక్కర్లేదు.

ప్రశ్న (హైదరాబాద్, తొమ్మిది వారాల తర్వాత): రెండు ముక్కలు పెట్టాను. మా ఆయన పట్టుబట్టి ఒకదానికి కొబ్బరినీళ్లు పోశారు, అది పోయింది. రెండోదానికి చిగురొచ్చింది కదా అని కాస్త పీకి చూశా. కింద నల్లగా దారాల్లా ఉన్నాయి. ఇదీ కుళ్లిపోయిందా? టెన్షన్‌గా ఉంది.

జవాబు (విశాఖపట్నం): అయ్యో, అవే వేళ్లండి! నెపంథిస్ వేళ్లు నల్లగానే ఉంటాయి. కుళ్లితే కాండం మెత్తబడుతుంది. ఈ వేళ్లు ఇట్టే తెగిపోతాయి, మెల్లగా నాచు కప్పేసి మళ్లీ పీకకండి. సీసా మూత రోజుకో గంట తీసి బయటి గాలి అలవాటు చేయండి.