సామాన్యుల చిన్న చిన్న సంతోషాలకు చరిత్రలో ఆధారాలు దొరుకుతాయా?

ప్రశ్న (అనంతపురం నుండి):
ఎండలు ముదిరిన రోజుల్లో మా అవ్వ పొద్దున్నే రాగి అంబలిలో మజ్జిగ కలుపుకొని, ఉల్లిగడ్డ నంజుకుంటూ తాగి, గోడకు చేరగిలబడి ‘పానం లేచొచ్చింది’ అనేది. పెనుకొండ చరిత్రలో ఏ రాజు ఎప్పుడు ఏలాడో తెలుస్తున్నది గానీ, ఆ కోట కింద బతికినవారికి మామూలు దినాన ఏది హాయినిచ్చేదో కనిపించడం లేదు. ఎక్కడ వెతకాలో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు (కడప నుండి):
అంబలి మాట మీరే ఎత్తారు గనుక ఆముక్తమాల్యద కావ్యం తెరవండి. 1509 నుండి 1529 వరకు ఏలిన విజయనగర రాజు కృష్ణదేవరాయలు, విష్ణుభక్తుడైన విష్ణుచిత్తుడు తన అతిథులకు ఏ కాలంలో ఏమి వడ్డించేవాడో అందులో వర్ణించాడు. నడివేసవి పద్యంలో నులివెచ్చని అన్నం, తియ్యని చారు, పలుచని అంబలి, చెరకు రసం, వడపిందెలు, ఊరగాయ, నీరుమజ్జిగ వరుసగా వస్తాయి. వానాకాలపు పద్యం నాకు మరింత ఇష్టం. ముసురుకు కట్టెలు తడిసి పొగ చిమ్ముతాయి కదా, ఇల్లాలి కళ్లకు ఆ పొగ సోకకుండా కొబ్బరి చిప్పలు మండించి వంట చేయించాడట! దండయాత్రల్లో తిరిగిన రాజుకు పొయ్యి పొగ ఎలా తెలిసిందో. అన్నట్టు, చలికాలపు పద్యంలో కారానికి మిరియాల పొడే ఉంది. మన బొరుగుల ఉగ్గానికి తోడైన బజ్జీలోని మిరపకాయ అమెరికా ఖండం నుండి పోర్చుగీసువారి వెంట వచ్చింది.

జవాబు (కర్నూలు నుండి):
పద్యాలు బాగున్నాయి గానీ, అవి రాజు రాసిన భక్తుని ఇంటి విందు. మడక దున్నినవాని సంతోషం అందులో ఎంతవరకు ఉంటుంది? పాత గుళ్ల అరుగుల మీద, రచ్చబండల మీద గీసిన పులిజూదం గీతలను చూడమంటాను. మూడు పులులు, పదిహేను మేకలు, ఇరవైమూడు స్థానాలు. చింతపిక్కలు, గులకరాళ్లు ఉంటే ఆట మొదలవుతుంది. మేకలన్నీ కూడి పులిని కదలనీయకుండా కట్టేసినప్పుడు చుట్టూ చూసేవాళ్లు కూడా కేక పెడతారు. ఆ గీతలు ఏ కాలానివో చెప్పడం కష్టమే, పైగా శాసనాలంత విస్తారంగా వాటి నకళ్లు తీసి పెట్టలేదు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఆదివారం మా ఊరి గుడికి వెళ్లి చూశాను. అరుగంతా టైల్స్ పరిచేశారు. తీసేసిన పాత బండల్లో ఒకటి బోరింగు దగ్గర బట్టలు ఉతకడానికి వేసి ఉంది. నీళ్లు పోసి కడిగితే సబ్బు నురగ కింద పులిజూదం త్రికోణం, దాని కొస దగ్గర వేళ్ల రాపిడికి నున్నబడిన గుంట కనిపించాయి.