ఫిన్‌లాండ్‌లోని సొదన్‌క్యులా సినిమా పండుగకు వెళ్లాలని ఉంది, సలహా ఇవ్వండి
(ఫిన్‌లాండ్‌లో ఉంటున్న తెలుగువారి ముచ్చట; ఎవరుండే ఊరి పేరే వారి పేరు)

ఎస్పో (మార్చిలో వచ్చాను):
అందరికీ నమస్కారం. జూన్ మధ్యలో ఉత్తరాన లాప్‌లాండ్‌లోని సొదన్‌క్యులాలో జరిగే అర్ధరాత్రి సూర్యుడి చిత్రోత్సవం చూడాలని ఉంది. రెండు రోజులే సెలవు దొరికింది. రొవానియెమి దాకా రాత్రి రైలు ఉంది. అక్కడి నుంచి బస్సు ఎలా? బస ఎక్కడ?

తాంపెరే (14 ఏళ్లుగా):
తమ్ముడూ, పండుగ తర్వాత, ముందు నీ పడకగది కిటికీ సంగతి చూసుకో. నేను వచ్చిన తొలి జూన్‌లో తెల్లవారుజామున నాలుగింటికే ఎండ ముఖాన పడేది. వారం నిద్ర లేక, మందపాటి కర్టెన్ కోసం గోడకు రెండు రంధ్రాలు వేయించాను. చిటికెన వేలి గోరంత లేవు! ఇల్లు ఖాళీ చేసే రోజు యజమాని టార్చిలైటు పట్టుకొచ్చాడు. పగటిపూట! ఫొటోలు తీసుకున్నాడు. గోడంతటికీ రంగు వేయించాలంటూ అడ్వాన్సులో కోత పెట్టాడు. రెండు నెలలు ఈమెయిళ్లు రాస్తే సగం తిరిగొచ్చింది. అందుకని మేకు కొట్టే ముందు రాతపూర్వకంగా అనుమతి తీసుకో. పండుగకు నేనెప్పుడూ వెళ్లలేదు.

వాంతా:
అంత దూరం దేనికండీ? అర్ధరాత్రి సూర్యుడు హెల్సింకీలోనే కనిపిస్తాడు. చీకటి పడని తెల్లరాత్రుల అసలైన పండుగ కావాలంటే రష్యాలోని పీటర్స్‌బర్గ్ వెళ్లాలి. మారీన్‌స్కీ థియేటర్‌లో ఆ సంగీత, నృత్యోత్సవం 1993 నుంచి జరుగుతోంది. హెల్సింకీ నుంచి అలెగ్రో రైల్లో మూడున్నర గంటలు.

ఔలు:
వాంతా గారూ, ఆ రైలు 2022 మార్చిలోనే ఆగిపోయింది. హెల్సింకీలో నడివేసవిలోనూ పదకొండు కావస్తుండగా సూర్యుడు అస్తమిస్తాడు. చీకటి పడదు, అంతే. సొదన్‌క్యులా ఆర్కిటిక్ వలయానికి పైన ఉంది కాబట్టి జూన్ అంతా అస్తమించడు.

నేను రెండుసార్లు వెళ్లాను. ఫిన్‌లాండ్ దర్శకులు కౌరిస్మాకి సోదరులు, సినిమా చరిత్రకారుడు పీటర్ ఫన్ బాగ్ తదితరులు 1986లో మొదలుపెట్టిన పండుగ ఇది. పెద్ద డేరాలో రాత్రి రెండింటికి మూకీ సినిమా, పక్కనే వాయిద్యాలు. ఆట వదిలాక బయటికొస్తే కళ్లు చికిలించుకునేంత ఎండ. సెకండ్ షో చూశామా, మార్నింగ్ షో చూశామా అని తికమకపడతాం. పాటల సినిమాకు తెర మీద పదాలు వస్తుంటే డేరా మొత్తం గొంతు కలుపుతుంది. మన ఊళ్లో తొలిరోజు ఆటలాగే, కాగితాలు చల్లడం ఒక్కటే తక్కువ. పొద్దున దర్శకులతో ముచ్చట్లు ఉంటాయి. మొదటి ప్రశ్న ఎప్పుడూ ‘మీరు చూసిన మొదటి సినిమా ఏది?’ అనే. వాటిని నడిపిన ఫన్ బాగ్ 2014లో పోయారు గాని ఆ ముచ్చట్లు ఆగలేదు. అవి వదులుకోవద్దు.

వాంతా:
సూర్యుడి విషయం ఒప్పుకుంటాను. బసకైతే డబ్బు దండగ చేయకండి. ఈ దేశంలో అడవిలో ఎవరైనా గుడారం వేసుకోవచ్చు, ఆ హక్కు అందరికీ ఉంది. నెగడు వేసుకుని పడుకోండి.

తాంపెరే:
గుడారం సరే, ఇళ్లకు దూరంగా ఒకటి రెండు రాత్రులు. నెగడుకు మాత్రం భూమి యజమాని అనుమతి కావాలి. కార్చిచ్చు హెచ్చరిక ఉన్న రోజు అనుమతి ఉన్నా కుదరదు. కొత్తవాళ్లకు ఇలాంటి సలహాలు ఇవ్వకండి.

వాంతా:
ఇరవై ఏళ్లుగా వేస్తున్నాను, ఎవరూ అడగలేదు.

తాంపెరే:
అడగకపోతే అనుమతి ఉన్నట్టా? నా ఇంటి యజమాని కూడా రెండేళ్లు ఏమీ అడగలేదు.

ఎస్పో:
అందరికీ కృతజ్ఞతలు. ఇంట్లో కర్టెన్ల కొలతలు తీసుకున్నాను. బస్సు సంగతి ఎవరైనా చెబుతారా?

ఔలు:
రొవానియెమి నుంచి దాదాపు 130 కిలోమీటర్లు, సుమారు రెండు గంటలు. తిరుగు టికెట్ కూడా ఇప్పుడే తీసుకోండి. బస కూడా ఇప్పుడే చూసుకోండి, చిన్న ఊరు, గదులు త్వరగా నిండిపోతాయి. ముఖానికి దోమల వల, కళ్లకు గంతలు మరవకండి.

తాంపెరే:
యజమానికి ఈమెయిల్ రాశావా?